అరుణశ్రీ రాసిన పరీక్ష

మొయినాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో అరుణశ్రీ ల్యాబ్ అసిస్టెంట్. పేరుకు అసిస్టెంటే గాని, ఆ గదిలోని కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమెవే. ఏది లేవడానికి బద్ధకిస్తుందో, ఏది మధ్యలో మొరాయిస్తుందో, ఏ కీబోర్డులో ఏ అక్షరం గట్టిగా నొక్కితే తప్ప పడదో ఆమెకే తెలుసు. పొద్దున్నే ముడిమ్యాలలో అత్తగారు అంతమ్మతో కలిసి టమాటలో బీరకాయలో తెంపేది. భర్త జగదీశ్ వాటిని ఆటో ట్రాలీకెత్తి చేవెళ్ల మార్కెట్‌కు బయల్దేరితే అదే బండిలో ముందు కూర్చుని చేవెళ్ల దాకా వచ్చి, అక్కడ బస్సెక్కేది. చేవెళ్లలోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. పెళ్లయ్యాక పై చదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. కంప్యూటర్ల మధ్య ఉంటే చాలనుకుంది.

ఆ ఎండాకాలం ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. పిల్లలంతా ల్యాబ్‌లో కూర్చుని తమ తమ ప్రోగ్రాములకు మెరుగులు దిద్దుకుంటున్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. కంప్యూటర్ విభాగానికి పెద్ద అయిన ఈశ్వరరావు గారు వరండాలోంచి లోపలికి తొంగిచూసి కేకేశారు.

"గాలి గట్టిగా ఉంది. కరెంటు పోతుందేమో, అందరూ సేవ్ చేసుకోండి!"

అందరూ ఒక్కసారే సేవ్ నొక్కారు. అరుణశ్రీ అప్పుడు స్నిగ్ధ అనే రెండో సంవత్సరం అమ్మాయి కుర్చీ వెనకాల నిలబడి ఉంది. ఆ పిల్ల సేవ్ చేయడం, తెర కింద 'సేవ్ అయింది' అన్న మాట రావడం కళ్లారా చూసింది. మరుక్షణం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. గదంతా నిశ్శబ్దమైపోయింది.

కరెంటు వచ్చాక చూస్తే స్నిగ్ధ ఫైలు ఉంది, పేరు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. ఆమెతోపాటు మరో ఇద్దరు ముగ్గురి ఫైళ్లూ అలాగే ఖాళీ. మిగతా అందరివీ చెక్కుచెదరలేదు.

"సేవ్ చేయమని చెప్పానా లేదా?" అన్నారు ఈశ్వరరావు గారు. ఆయన కోపిష్టి కాదు. నరసాపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పాతికేళ్లు దాటింది, పిల్లల్ని పేరుపెట్టి పిలిచే మనిషి. కానీ అలాంటి సందర్భంలో ఏ మాస్టారైనా అనేది అదే.

"చేసిన సార్, నిజంగ చేసిన," అంటూ స్నిగ్ధ ఏడుపు మొదలుపెట్టింది.

"సార్, చేసింది. నేను ఎనకనే ఉన్న. నా కండ్లతోని చూసిన," అంది అరుణశ్రీ.

ఆయన ఒకసారి అరుణశ్రీ ముఖంలోకి, ఒకసారి ఖాళీ తెర మీదికి చూసి, "సరేనమ్మా, నువ్వు చూశానంటే నేను నమ్ముతాను. మళ్లీ రాసుకోనీ, వీళ్లకు చివర్లో పరీక్ష పెడదాం," అన్నారు. స్నిగ్ధ మళ్లీ రాసుకుంది, పాసయింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

అరుణశ్రీకి మాత్రం అది పంటికింద రాయిలా ఉండిపోయింది. మాట విన్నవాళ్ల ఫైళ్లే పోవడమేమిటి? అందరూ విన్నారు కదా, మరి కొందరివే పోవడమేమిటి?

సెలవులిచ్చారు. ల్యాబ్ శుభ్రం చేసే పని ఎలాగూ ఉంది. ఆమె ఒక కంప్యూటర్‌లో ఏదో రాసి, సేవ్ చేసి, చటుక్కున ప్లగ్గు పీకి చూసింది. ఫైలు భద్రంగా ఉంది. మళ్లీ పీకింది. ఉంది. విసుగెత్తి వదిలేద్దామనుకున్నాక ఒకసారి ఖాళీ అయింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా కాలేదు. ఇంటికెళ్లి టమాటలు ఏరుతున్నా అదే ఆలోచన. చివరికి ఫైళ్లు పోయిన పిల్లలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆ రోజు ఏమేం చేశారో మొదట్నుంచీ చెప్పమంది. ఒకరికి ఒకరు సంబంధం లేకుండా అందరూ ఒకే మాట చెప్పారు. ఉన్నది చిన్న ప్రోగ్రామే మేడమ్, ఆ రోజే పొద్దున్నుంచి కూర్చుని దాన్ని పెంచినం.

అది పట్టుకుని మళ్లీ కూర్చుంది. పిడికెడు ఫైలు రాసి, సేవ్ చేసి, మర్నాడు దాన్ని పెంచి, మళ్లీ సేవ్ చేసి వెంటనే ప్లగ్గు లాగింది. ఖాళీ. ఇంకోటి. అదీ ఖాళీ. మూడోది పోలేదు. అయినా సరే, ఇక అనుమానం లేదనుకుంది. తప్పు పిల్లలది కాదు, వాళ్లు ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌దీ కాదు. ఆ కంప్యూటర్లలో ఉన్నది అందరూ ఉచితంగా వాడుకునే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. అందులో డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో, ఎంతుందో చూసుకునే భాగాన్ని ఫైల్ సిస్టమ్ అంటారు. తప్పు అక్కడ ఉంది.

ఆ ఫైల్ సిస్టమ్ రాసేవాళ్లు ప్రపంచంలో తలో మూలా ఉంటారు, ఒక మెయిల్ గుంపులో మాట్లాడుకుంటారు. అరుణశ్రీ తనకు వచ్చిన ఇంగ్లీషులో, వాక్యం వాక్యం సరిచూసుకుంటూ, జరిగిందంతా రాసి పంపింది. ఒకాయన జవాబిచ్చాడు: మీ డిస్కు పాతది అయ్యుంటుంది, పాత డిస్కులు రాయకుండానే రాశామని చెబుతాయి. ఇంకొకాయన తన దగ్గర ప్రయత్నించానని, ఏమీ కాలేదని రాశాడు. ఆ తర్వాత ఎవరూ పలకలేదు. రోజూ బస్సులో ఫోన్ తీసి చూసుకునేది. ఏమీ ఉండేది కాదు. నేను రాసింది వాళ్లకు సమజైందో లేదో, లేక ఎవరో ల్యాబ్ అసిస్టెంటు అని పక్కన పడేశారో అని మనసు చిన్నబుచ్చుకుంది.

కొన్ని వారాల తర్వాత వంశీ కృష్ణ అనే ఆయన నుంచి విడిగా ఒక మెయిల్ వచ్చింది. మెయిల్ చివర కాలేజీ చిరునామా చూశానని, తాను మోకిలలోనే ఉంటానని, స్టోరేజ్ కంపెనీలో పనిచేస్తూ ఈ ఫైల్ సిస్టమ్‌కు కూడా కోడ్ రాస్తుంటానని, శనివారం వచ్చి చూడవచ్చా అని అందులో ఉంది. అరుణశ్రీ ఈశ్వరరావు గారిని అడిగి, వంశీ కృష్ణను రమ్మంది.

వచ్చినాయన నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. ఇంజనీరింగ్ అయ్యాక బందరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయానన్నాడు. అరుణశ్రీ ఫైలు పెంచి, సేవ్ చేసి, "ఇదో చూడండి సార్, సేవ్ అయింది. ఇప్పుడు తీస్తున్న," అని చెప్పి ప్లగ్గు లాగింది. కంప్యూటర్ మళ్లీ లేచింది. ఫైలు నిక్షేపంగా ఉంది. మళ్లీ చేసింది. ఉంది. ఎన్నిసార్లు చేసినా ఉంది. ఆమె చెవులు వేడెక్కాయి.

"నిన్న గూడ పోయింది సార్. ఇయ్యాల ఏమైందో ఎర్కలేదు."

"మీరు చెప్పేది నేను నమ్ముతున్నానండి. అబద్ధమాడ్డానికి మీకేం పని?" అన్నాడు వంశీ కృష్ణ. "కానీ డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే జ్వరానికి మందు ఎలా ఇస్తాం? నా ముందు జరగనిదాన్ని నేను బాగుచేయలేను. ప్లగ్గుతో కాదు. దీనికి మీరొక టెస్ట్ రాయాలి."

"టెస్ట్ అంటే?"

"ఒక చిన్న ప్రోగ్రామ్. ఎవరు, ఎక్కడ, ఏ కంప్యూటర్‌లో నడిపినా ఈ తప్పు బయటపడి తీరాలి. అప్పుడు మీ డిస్కు పాతదనే మాట ఎవరూ అనరు. తప్పు సరిచేశాక కూడా ఆ టెస్ట్ అక్కడే ఉంటుంది. ఎవరు కోడ్ మార్చినా ముందు దాన్ని దాటాలి. మళ్లీ అదే తప్పు దొర్లితే అక్కడే దొరికిపోతుంది. రిగ్రెషన్ టెస్ట్ అంటారు."

"నేను రాస్తనా సార్ గది?"

"మీరు తప్ప ఇంకెవరు రాస్తారండి? ఈ బగ్ ఎప్పుడొస్తుందో తెలిసింది మీ ఒక్కరికే."

చదవాల్సినవేవో చెప్పి వెళ్లిపోయాడు. ఆయన బండి గేటు దాటాక అరుణశ్రీకి తట్టింది. తను ఒంటరిగా ఉన్నప్పుడు సేవ్ నొక్కి వెంటనే లాగేది. ఈ రోజు మర్యాదకు పోయి, చూపించి, చెప్పి, ఆ తర్వాత లాగింది. ఆ మాటలు పూర్తయ్యేలోపు కంప్యూటర్ తన పని తాను చక్కబెట్టుకుంటోంది. నవ్వొచ్చింది ఆమెకు. ఫోన్ చేసి చెబుదామనుకుని ఆగింది. చెప్పడమెందుకు, రాసే చూపిద్దామనుకుంది.

పొద్దున కూరగాయల పని అయ్యాక, సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు, ఇంటి ముందు రేకుల షెడ్డు కింద పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. అంతమ్మ కొన్నాళ్లు ఊరికే చూసింది. తర్వాత ఉండబట్టలేక అడిగింది.

"ఏం చేస్తున్నవే బిడ్డా, దినాం గట్ల కూసోని?"

"పరీక్ష రాస్తున్న అత్తమ్మా."

"ఇంక పరీక్షలేంది? నౌకరి ఉన్నది గద!"

"నేను రాసే పరీక్ష గాదు. కంప్యూటర్‌కు పెట్టే పరీక్ష."

"దానికి పెడితే నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?" అని అంతమ్మ బీరకాయలు గంపలోకి సర్దుకుంటూ వెళ్లిపోయింది. అయితే ఆ రోజు నుంచి మధ్యాహ్నం గిన్నెలు తోమే పని తను అందుకుంది.

అరుణశ్రీ మొదట రాసిన టెస్ట్ ప్లగ్గు పీకడానికి నకలే. కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపి, ఫైలు సేవ్ కాగానే దాని పీక నొక్కేసేది. ఒకసారి తప్పు బయటపడేది, ఒకసారి పడేది కాదు. మెయిల్ గుంపుకు పంపితే, మొదట తన దగ్గర ఏమీ కాలేదన్న ఆయనే మర్యాదగా తిప్పి పంపాడు. అదృష్టం మీద ఆధారపడే టెస్ట్ ఉండడం కన్నా లేకపోవడమే మేలు, అది తప్పు లేనప్పుడు అరిచి, ఉన్నప్పుడు ఊరుకుంటే రెండు రోజుల్లో ఎవరూ దాన్ని లెక్కచేయరు అన్నాడు. ఆమెకు కష్టమనిపించింది. కానీ చదివిన కొద్దీ ఆ మాటలో అన్యాయమేమీ కనపడలేదు.

మళ్లీ మొదటికొచ్చింది. వంశీ కృష్ణ చదవమన్నవాటిలో ఒక ఉపాయం ఉంది. డిస్కు మీదికి వెళ్లే ప్రతి రాతనూ వరుస తప్పకుండా పట్టుకుని పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కరెంటు పోవడం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఏ రాత దగ్గర కావాలంటే అక్కడ ఆపి, సరిగ్గా ఈ ఘడియలోనే కరెంటు పోయి ఉంటే డిస్కు మీద ఏం మిగిలేదో చూడవచ్చు. అది ఆమెకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక మాత్రం చేతులు ఆగలేదు. చిన్న ఫైలు రాయి, భద్రం చేయి. దాన్ని పెంచు, మళ్లీ భద్రం చేయమను. "భద్రం చేశాను" అని ఫైల్ సిస్టమ్ జవాబిచ్చిన చోట ఆపు. ఇప్పుడు ఫైలు తెరిచి చూడు.

ఆ రోజు అంతమ్మ పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అరుణశ్రీ టెస్ట్ నడిపింది. తెర మీద ఎర్రగా ఒక వరుస పడింది. మళ్లీ నడిపింది. మళ్లీ ఎర్రగా. ఎన్నిసార్లు నడిపితే అన్నిసార్లూ ఎర్రగానే.

"ఫెయిలైంది! అత్తమ్మా, ఫెయిలైంది!" అంటూ లేచి గంతేసింది.

అంతమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఆగిపోయింది. "ఫెయిలైతే గింత సంబురమేందే? పిచ్చి లేసిందా నీకు?"

"ఫెయిలే గావాలె అత్తమ్మా! నెల రోజుల సంది దీని కోసమే గద!"

సాయంత్రం జగదీశ్ రాగానే అంతమ్మ వాకిట్లోనే చెప్పింది. "నీ పెండ్లం ఏందో ఫెయిలైందట. మిఠాయి తేపో."

టెస్ట్ మెయిల్ గుంపుకు చేరిన రెండో రోజుకు వంశీ కృష్ణ కారణం కనిపెట్టాడు. ఫోన్ చేసి ఓపిగ్గా వివరించాడు. ఫైలు మరీ చిన్నదైతే ఈ ఫైల్ సిస్టమ్ దానికి విడిగా చోటు ఇవ్వదు, దాని పేరూ వివరాలూ రాసుకునే దగ్గరే ఒక మూల ఇమిడ్చేస్తుంది. ఫైలు పెరిగి అక్కడ పట్టనప్పుడు వేరే చోటికి మారుస్తుంది. అలా ఇల్లు మారిన వెంటనే ఎవరైనా "భద్రమేనా" అని అడిగితే, సామాను ఇంకా దారిలో ఉండగానే "భద్రం" అని చెప్పేస్తోంది. సరిచేయడానికి నాలుగైదు వరుసల కోడ్ సరిపోయింది. ఆ కోడ్ వేశాక అరుణశ్రీ టెస్ట్ నడిపితే పచ్చగా వచ్చింది. సవరణ పక్కన, తప్పు కనుగొన్నదీ టెస్ట్ రాసిందీ అరుణశ్రీ, ముడిమ్యాల అని పడింది. తిప్పి పంపినాయన ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా తీసుకున్నాడు, కృతజ్ఞతలు రాశాడు.

ఆమె అక్కడితో ఆగలేదు. సరిచేసి కూడా టెస్ట్ లేకుండా వదిలేసిన పాత బగ్గులు ఆ ఫైల్ సిస్టమ్‌లో చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చదివి, అది మళ్లీ వస్తే ఎలా పట్టుకోవచ్చో ఆలోచించి రాసేది. డిస్కు నిండిపోయినప్పుడు ఒకలాంటి తప్పు, ఒకే పేరును ఇద్దరు ఒకేసారి మార్చబోతే ఇంకోలాంటిది. అలా ఏడాది గడిచింది. వంశీ కృష్ణ కంపెనీలో టెస్టులు రాసే మనిషి కావాల్సి వచ్చినప్పుడు ఆయన ఆమె పేరు చెప్పాడు. ఇంటర్వ్యూలో కాలేజీ చదువు గురించి పెద్దగా అడగలేదు. ఆమె రాసిన టెస్టులు ముందేసుకుని, ఇది ఎందుకిలా రాశావు, అది ఎందుకలా రాయలేదు అని అడిగారు. అడిగినవన్నీ ఆమె తనకు తాను ముందే వేసుకున్న ప్రశ్నలు.

"కూరగాయలకు తిప్పలైతది గద," అంది జగదీశ్‌తో, ఉద్యోగం వచ్చిన రోజున.

"నువ్వు ఫికర్ జెయ్యకు. నేనూ అవ్వా తెంపుకుంటం. పొయ్యి రా," అన్నాడు అతను, అంతమ్మ వైపు చూస్తూ.

వారంలో రెండు రోజులు గచ్చిబౌలి ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే. కాలేజీ వదిలే రోజున ఈశ్వరరావు గారు స్టాఫ్ రూములో అందరికీ టీ చెప్పి, "మా ల్యాబ్ దిక్కు లేనిదైపోయిందమ్మా," అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొత్త ఉద్యోగంలో అసలు కష్టం మరుసటి ఏడాది వచ్చింది. ఫైల్ సిస్టమ్ వేగం పెంచడానికి వంశీ కృష్ణ పెద్ద మార్పు ఒకటి చేశాడు. నెలల శ్రమ. ఎన్నో టెస్టులు దాటింది. ఒక్కటి దగ్గర ఆగిపోయింది. అది అరుణశ్రీ రాసిన మొట్టమొదటి టెస్ట్.

"అరుణశ్రీ గారూ, ఆ టెస్ట్ పాతబడిందండి," అన్నాడు ఆయన ఫోన్‌లో. "ఫైలు మార్చిన సమయం కూడా సరిపోవాలని అందులో రాశారు. ఎడిటర్ అడిగింది లోపలి రాత భద్రం చేయమని మాత్రమే. సమయం సంగతి ఫైల్ సిస్టమ్ మాటివ్వలేదు కదా. ఆ టెస్ట్ తీసేద్దాం."

దారి చూపిన మనిషి. ఆయన కాదంటే ఈ కుర్చీలో తను లేదు. సరే సార్ అనడం తేలిక.

"జర ఆగండి సార్. నేను ఒకసారి చూస్త," అంది.

చూసింది. ఆయన అన్నది నిజమే. సమయం గురించి తను రాసిన షరతు తప్పు. అప్పట్లో తెలియక రాసింది. సిగ్గనిపించినా దాన్ని కొట్టేసింది. కొట్టేసి మళ్లీ నడిపింది. అయినా ఎర్రగానే వచ్చింది. వరుసగా పట్టుకున్న రాతల్ని ఒక్కొక్కటే ముందుకు జరిపి చూసుకుంటూ వెళ్లింది. ఒక చోట, ఒకే ఒక చోట, "భద్రం" అన్న జవాబు వచ్చాక కూడా ఫైలు ఖాళీగా ఉంది.

ఆ రాత ఏదో చెప్పి, అక్కడ ఏం లేదో చెప్పి, తన షరతు తప్పని, అది తీసేశానని కూడా చెప్పి మెయిల్ పంపింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"మీ తప్పు ఒకటి, నా తప్పు ఒకటి," అన్నాడు వంశీ కృష్ణ. "మీది దిద్దేశారు. నాది ఇంకా దిద్దుకోవాలి. పదమూడు వందల ఫైళ్ల డేటాబేస్ పెట్టి చూశాను గాని, ఒక్క చిన్న ఫైలు పెట్టి చూడలేదండి." మళ్లీ తనే అన్నాడు: "మీరు సరే అని ఉంటే ఇది వచ్చే నెల అందరి కంప్యూటర్లలోకీ వెళ్లిపోయేది."

"సరే అందామనే అనుకున్న సార్," అంది ఆమె. నిజం చెప్పేసినందుకు ఇద్దరూ నవ్వుకున్నారు.

మార్పు ఒక నెల ఆలస్యంగా వెళ్లింది, కానీ సరిగ్గా వెళ్లింది. వేగం కూడా పెరిగింది. ఆ తర్వాత నుంచి వంశీ కృష్ణ ఏదైనా పెద్ద పని మొదలుపెట్టే ముందు కోడ్ రాయకముందే ఆమెకు ఫోన్ చేసి, దీన్ని ఎలా పడగొడతారో చెప్పండి అని అడగడం అలవాటు చేసుకున్నాడు.

మొన్న వానాకాలంలో దొంతన్‌పల్లి వైపున్న యూనివర్సిటీ వాళ్లు ఆమెను పిల్లలతో మాట్లాడటానికి పిలిచారు. వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తుంటే అంతమ్మే పెట్టె తీసి, ఆకుపచ్చ చీర ఇచ్చి కట్టుకొమ్మంది. అంత పెద్ద హాలు, చల్లటి గాలి, మెట్లు మెట్లుగా కుర్చీలు. తెచ్చుకున్న ఇంగ్లీషు మాటలు రెండు నిమిషాలకే అయిపోయాయి. ఇక తనకు వచ్చినట్టు, సగం తెలుగు సగం ఇంగ్లీషు కలిపి మొదలుపెట్టింది. పిల్లలు ముందుకు వంగి వినసాగారు.

ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, బగ్ ఫిక్స్ చేసినవాళ్లకే కదా పేరు వచ్చేది? టెస్ట్ రాసినవాళ్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

అరుణశ్రీ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"పేరు సంగతి నాకు అంత ఎర్కలేదమ్మా," అంది. "నాకైతే ఆ పని మంచిగ అనిపిస్తది. నీ దగ్గర ల్యాప్‌టాప్ ఉన్నదా? తియ్యి. అందరు తియ్యుండ్రి. ఇప్పుడే ఒకటి రాద్దాం."

జిప్పుల చప్పుడు, తెరలు తెరుచుకున్న వెలుగు. అరగంట తిరక్కుండానే ముందు వరుసలోంచి ఒకరు, "అయిపోయింది మేడమ్, అన్నీ పాస్!" అన్నారు.

"అన్ని పాసైనయా? గట్లైతే అనుమానపడాలె. ఏది, ఇటు తిప్పు," అంటూ ఆమె కొంగు నడుముకు దోపుకుని మెట్లు ఎక్కి, ఆ పిల్లల మధ్యకు వెళ్లింది.